రెండో కమలాపండు

జపానులోని గిఫూ ఊళ్ళో కాగితపు లాంతర్లు చేసే ఆ కొట్టంలో, వాన పట్టిందంటే వెలుతురు కూడా తడిసినట్టే ఉంటుంది. మధ్యాహ్నం టీ వేళ మేస్త్రీ మిత్సుయో ఒక ప్రశ్న వేసి, ఇక ఎవరి ముఖమూ చూడదు. కమలాపండు తీసుకుని, తొక్క తెగకుండా, కలలో ఉన్నట్టు వలుస్తుంది. వలవడం అయ్యేలోగా ఎవరో ఒకరు నోరు విప్పుతారు. "అలాగా!" అంటుందామె, ఏమీ తెలియనట్టు.

ఆ రోజు, "కాగితం ముడతలు పడి లాంతర్లు తిరిగొస్తున్నాయి. ఏం చేద్దాం?" అంది. పండు వలవడం అయిపోయినా ఎవరూ పలకలేదు. మూలనున్న పనిపిల్ల తోమి పెదవులు మాత్రం కదిలి ఆగాయి. మిత్సుయోకి పులుపు పడదు. అయినా రెండో పండు అందుకుంది. అది సగం వలిచాక తోమి గొణిగింది: "వెదురుబద్ద ఎటు చుట్టుకుందో నేను అటే కాగితం అంటిస్తానండీ. మీరంతా దానికి ఎదురు అంటిస్తారు. నాది ఎడమచెయ్యి కదా, నాదే తప్పేమో అనుకున్నా." "ఇన్నాళ్ళూ బెల్లంకొట్టిన రాయిలా కూచున్నావటే!" అంది ముసలి కిను. "అలాగా! ఏదీ, చూపించు," అంది మిత్సుయో. తోమి చేసిన లాంతర్లకు ముడతలు పడవని మిత్సుయో పోయిన చలికాలమే గమనించింది. అందరూ తోమి చుట్టూ మూగాక, ఒక్కో తొనా నోట్లో వేసుకుంటూ, పులుపుకి ముఖం చిట్లించుకుంటూనే హాయిగా కళ్ళు మూసుకుంది.