మూడో పిలుపు

ముందు కేక వినిపిస్తుంది, తర్వాత మనిషి కనిపిస్తాడు. కోర్టు వరండాలో ఆ కేక లేవగానే రేకుల మీది కాకులు ఎగిరిపోతాయి. బల్ల మీద కునుకుతున్న వాదీ ప్రతివాదీ ఉలిక్కిపడి, పగ మరిచి ఒకరినొకరు పట్టుకుంటారు. అప్పుడు గుమ్మంలోంచి గడకర్రలాంటి బంట్రోతు బయటికొస్తాడు. అంత గొంతు ఆ ఒంట్లో ఎక్కడ అద్దెకుంటుందో ఎవరికీ తెలియదు. అందరూ అతన్ని మైకు అంటారు. వంతు వచ్చిన పార్టీలను పేరు పెట్టి మూడుసార్లు పిలవడం అతని పని. మూడో పిలుపుకీ వాది పలక్కపోతే దావా కొట్టేస్తారు.

ఒక వేసవిలో మైకుకే దావా వెయ్యాల్సి వచ్చింది. పక్క వాటాలోని బావమరిది తన పావురాలకు గూడు కట్టాడు, సరిగ్గా వీళ్ళ వంటింటి కిటికీకి ఆనించి. పొద్దున్నే వచ్చి గిన్నెల అంచుల మీద కూర్చునే ఎండ, ఇల్లు మరిచిన పిల్లలా బయటే నిలబడిపోయింది. మైకు భార్య చీకట్లో తడుముకుంటూ కూరలో పంచదార, టీలో ఉప్పు వేసింది.

"గూడు జరపరా తమ్ముడూ" అందావిడ.

"గుడ్లు పెట్టాయక్కా. బాలింతల్ని కదపకూడదు."

మైకు దావా వేశాడు. వాయిదా రోజున తన పేరు తనే పిలుచుకుని, "వచ్చానండీ" అని తనే పలికి, లోపలికి నడిచాడు.

"ఇల్లెవరిది?" అన్నారు జడ్జిగారు.

"మా ఆవిడదండీ. వాళ్ళ నాన్న రాసిచ్చాడు."

"మరి మీకేం హక్కు?"

"మొగుణ్ణండీ."

"అది హక్కెలా అవుతుందయ్యా? ఇల్లు ఆవిడది, కిటికీ ఆవిడది. చీకటొక్కటే మీదా?"

"ఉప్పు టీ తాగేది నేనేనండీ!"

ఎవరి హక్కుకు దెబ్బ తగిలిందో వాళ్ళే రావాలని చెప్పి జడ్జిగారు దావా కొట్టేశారు.

ఈసారి భార్య వేసింది. చిక్కల్లా అక్కడే వచ్చింది. ఊరందరినీ పేరు పెట్టి పిలిచే మైకు, పెళ్ళయిన నాటి నుంచి ఆవిణ్ణి ఒక్కసారీ పేరుతో పిలవలేదు. మామూలప్పుడు "ఇదిగో", కోపమొస్తే "ఏమోయ్".

"రేపు పేరు పెట్టి పిలిస్తేనే బల్ల మీంచి లేస్తాను" అందావిడ.

"దావా పోతుందే!"

"పోనీండి. చీకటి అలవాటైంది."

మర్నాడు మైకు గుమ్మంలో నిలబడి గుండెల నిండా గాలి పీల్చాడు. "ఇదిగో!" అని వచ్చింది. కాకులు లేచాయి. ఆవిడ లేవలేదు.

"పేరు మర్చిపోయావా బావా? నేను చెప్పనా?" అని బావమరిది పళ్ళికిలించాడు.

రెండోసారి "ఏమోయ్!" అన్నాడు. బల్ల చివర ఎవరివో ముగ్గురు భార్యలు లేచి నిలబడ్డారు. ఆవిడ మాత్రం కొంగు సర్దుకుని కూర్చుంది.

మిగిలింది ఒక్క పిలుపు. వంటింటి వెలుగంతా అతని గొంతులో ఇరుక్కుంది. చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళు మూసుకుని పేరు పలికాడు. అది కేక కాలేదు, గాలిలోంచి ఈక రాలినట్టు మెల్లగా దిగింది. ఆవిడ లేచింది.

"మూడోసారి పిలిచావా? నాకేం వినపడలేదే" అన్నారు లోపల్నుంచి జడ్జిగారు.

"నాకు వినపడిందండీ" అందావిడ గుమ్మంలోంచి.

డిక్రీ వచ్చింది. బావమరిది ఖాతరు చెయ్యలేదు. ఆవిడే మళ్ళీ కోర్టుకెక్కి అమలు చేయించమంటే, కోర్టు అమీను వచ్చి గూటిని గుడ్లతో సహా, పెళ్ళికూతుర్ని సాగనంపినంత జాగ్రత్తగా డాబా మీదికి చేర్చాడు. ఎండ తిరిగొచ్చి గిన్నెల మీద కూర్చుంది. పావురాలు ఇప్పటికీ ఆ కిటికీలోనే వాలతాయి. అవి దావాలో పార్టీలు కావు కాబట్టి డిక్రీ వాటికి వర్తించదు.

మొన్న వాళ్ళింటికి వెళ్ళాను. ఇప్పుడు "ఇదిగో" అంటే ఆవిడ పలకడం లేదట. నేనున్నానన్న సిగ్గుతో మైకు ఆ పేరును గుసగుసగా అని, టీ అడిగాడు. కాసేపటికి వంటింట్లోంచి "ఏమండీ" అని వినిపించింది. అతను కదల్లేదు. మళ్ళీ వినిపించింది. ఈసారి చెప్పులు కూడా వేసుకోకుండా లేచాడు.

"ఉండండి, రెండుసార్లు పిలిచింది. మూడోది దాటితే ఈ ఇంట్లో అప్పీలు లేదు."