ఎడమ క్రాంకు

తెనాలిలో మా నాన్న సైకిల్ షాపుకి వచ్చేవాళ్ళెవరూ ఆయన పనికి వంక పెట్టగా నేను వినలేదు. వంక పెట్టినవాణ్ణి ఆయన మళ్ళీ షాపు గుమ్మం తొక్కనిచ్చేవాడు కాదు, అదొక కారణం. నోరు అలాంటిది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, చెయ్యి కూడా అలాంటిదే. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పాల క్యాన్లు మోసే సైకిళ్ళు క్రాంకు ఊగుతోందంటూ ఆయన దగ్గరికే వచ్చేవి. పెడల్‌కీ ఇరుసుకీ మధ్య ఉండే ఇనుప చెయ్యే క్రాంకు. ఆ సైకిళ్ళలో దాన్ని ఇరుసుకి పట్టి ఉంచేది వేలెడంత కాటర్ పిన్ను. అది అరిగితే నాన్న కొత్త పిన్ను వేసేవాడు కాదు. పౌడర్ డబ్బా కత్తిరించి, గోరంత రేకు ముక్క మడిచి సందులో పెట్టి, సుత్తితో నాలుగు దెబ్బలు వేసేవాడు. "పో, ఇంక నీ మనవడు కూడా తొక్కుతాడు" అనేవాడు. నిజంగానే అది ఏళ్ళ తరబడి కదిలేది కాదు. ఆ రేకు ముక్కే నా కొంప ముంచింది.

ఇంటర్ రెండో ఏడాదిలో నాకు ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ పిచ్చి పట్టింది. వెనక చక్రం తిరిగినంతసేపూ దాని పెడళ్ళు తిరుగుతూనే ఉంటాయి. కాళ్ళు ఊరికే ఉంచే వీల్లేదు, వేగం తగ్గించాలన్నా కాళ్ళతోనే తగ్గించాలి. బాపట్లలో పిల్లల్ని పోటీలకి తయారుచేసే సారు ఒకాయన నా తొక్కుడు చూసి ముచ్చటపడి, తన దగ్గరున్న పాత ఫ్రేము ఇచ్చారు. ముందు చక్రానికి ఒక్క బ్రేకు మాత్రం పెట్టించుకోమన్నారు.

ఫ్రేము అడుగున ఇరుసునీ బేరింగుల్నీ పట్టుకుని ఉండే భాగాన్ని మా షాపులో బి.బి. అంటాం. దాన్ని బిగించింది నాన్నే. బేరింగులు కూర్చునే కుడివైపు కప్పు ఎడమకి తిప్పితేనే బిగుస్తుందని ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. మరలు చెడకుండా ముందు చేత్తోనే చివరిదాకా తిప్పి, ఆ తర్వాతే పానా పట్టాడు. ఇరుసుని వేలితో తిప్పితే చప్పుడన్నది లేదు. నాకెంత గర్వంగా ఉండిందో! ఆ సంగతి ఒప్పుకోవాలంటే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

ఈ ఇరుసు చివరలు మాత్రం పాత సైకిళ్ళవాటిలా గుండ్రంగా ఉండవు. నాలుగు పలకలుగా ఉండి, కొనకి పోయేకొద్దీ సన్నబడతాయి. కాటర్ పిన్ను ఉండదు. అల్యూమినియం క్రాంకుని ఆ పలకల మీదికి బోల్టు బిగిస్తూ ఎక్కించాలి. రెండు రోజులు తొక్కాక ఆ బోల్టు ఇంకోసారి బిగించాలి. సారు చెప్పిన ఈ మాట నేను నాన్నకి చెప్పాను. "నువ్వా నాకు నేర్పేది?" అన్నాడు. ఆయన బిగించలేదు, నన్ను పానా ముట్టుకోనివ్వలేదు.

రోజూ పొద్దున్నే రేపల్లె దాకా వెళ్ళి వచ్చేదాన్ని. నెల తిరక్కుండానే ఎడమ క్రాంకు టక్కు టక్కుమనడం మొదలుపెట్టింది. బాపట్ల తీసుకెళ్తే సారు బోల్టు విప్పి చూసి తల అడ్డంగా ఊపారు.

"వదులు మీద తొక్కావమ్మా. రంధ్రం పలకలు అరిగిపోయినయ్. ఇంకెంత బిగించినా ఆగదు. మంచి ఎడమ క్రాంకు తెప్పించి ఉంచుతా, శుక్రవారం రా, వేస్తా."

ఆ ఆదివారమే రాష్ట్ర జూనియర్ జట్టుకి సెలక్షన్స్. వయసుని బట్టి నాకదే ఆఖరి అవకాశం. పై ఏడాది పెద్దవాళ్ళ విభాగంలోకి వెళ్తే నా మొహం చూసేవాళ్ళుండరు. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు.

సారు క్రాంకు వేస్తానన్నారని చెప్పగానే నాన్న ముఖం ఎర్రబడింది. "నేనిక్కడ షాపు పెట్టుకుని కూర్చుంటే నా కూతురు బాపట్ల పోయి క్రాంకు వేయించుకుంటుద్దా? ఊరంతా నన్ను చూసి నవ్వుద్ది" అన్నాడు.

"దీనికి రేకు పనికిరాదంట నాన్నా. సారు మరీ మరీ చెప్పారు."

"మీ సారు పుట్టకముందు నుంచీ బిగిస్తన్నా నేను!"

శుక్రవారం కాలేజీ నుంచి వచ్చేసరికి సైకిల్ గోడకి ఆనించి ఉంది. క్రాంకుని తళతళలాడేట్టు తుడిచాడు కూడా. ఊపి చూస్తే కదల్లేదు. "కొత్తది తెప్పించావా?" అని అడిగాను. "కొండలాగుంటది, పో" అన్నాడు. అది జవాబు కాదని నాకప్పుడే తెలుసు. బోల్టు విప్పి చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. విప్పితే రేకు కనపడుతుంది, కనపడితే ఇంట్లో రణరంగం. నేను విప్పలేదు. బాపట్ల వెళ్ళనూ లేదు.

ఆదివారం పొద్దున బాపట్లలో, సూర్యలంక వెళ్ళే రోడ్డు మీద, సారు వంగి నా క్రాంకు పట్టుకుని ఊపి చూశారు.

"మీ నాన్నగారు కొత్తది వేశారా అమ్మా?"

"అవునండి."

నాన్న పరువు కాపాడటానికి అలా అన్నానని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పరువూ లేదు, పాడూ లేదు. భయానికి అన్నాను.

ఒక్కొక్కరుగా టైం మీద తొక్కే పోటీ అది. వెళ్ళేటప్పుడు గాలికి ఎదురు తొక్కినా నా టైమే అందరికంటే బాగుందట. వెనక్కి తిరిగిన కాసేపటికి ఎడమ కాలి కింద టక్కుమంది. ఇంకో కిలోమీటరు ఉందనగా క్రాంకు ఇరుసు మీంచి ఊడొచ్చేసింది. పెడల్ పట్టీలో ఇరుక్కున్న నా బూటుకే వేలాడుతోంది. కుడి పెడల్ ఆగదు కదా, ఆ కాలిని తిప్పేస్తూనే ఉంది. బ్రేకు నొక్కేసి పక్కనున్న ఇసకలో పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయింది.

సారు పరిగెత్తుకుంటూ వచ్చి రోడ్డు మీద పడి ఉన్న రేకు ముక్క తీశారు. దాని మీద సగం పువ్వు బొమ్మ. తిడతారనుకున్నాను. "అవునండి అన్నావు కదమ్మా" అన్నారు, అంతే. తిట్టినా బాగుండేది. నాకంటే నెమ్మదిగా తొక్కిన పిల్లని జట్టులోకి తీసుకున్నారు.

షాపులో నలుగురి ముందూ నాన్న ఆ క్రాంకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బరువంతా ఒక కాలి మీదే వేసి తొక్కితే ఏ క్రాంకు ఆగుద్ది?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆ మాటెత్తలేదు. నేను మళ్ళీ ఆ సైకిల్ ఎక్కలేదు.

ఇప్పుడు రేపల్లెలో బడిపిల్లలకి లెక్కలు చెబుతున్నాను. పోయిన నెల ఒక సెలవు రోజున తెనాలి వచ్చి, షాపులో బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాను. ఫిక్స్‌డ్ గేర్ సైకిళ్ళు ఇప్పుడు కాలేజీ పిల్లలకి ఫ్యాషనయ్యాయి. ఒకమ్మాయి అలాంటిదే నడిపించుకుంటూ వచ్చింది.

"బాబాయ్ గారూ, ఎడమ క్రాంకు ఊగుతోందండి. ఏదైనా ముక్క పెట్టి బిగిస్తారా?"

నాన్న బోల్టు విప్పి చూశాడు. "దీనికి రేకు పెట్టకూడదమ్మా. దారిలో ఊడిపోద్ది. కొత్తదే వెయ్యాల."

"మా ఫ్రెండ్ పెట్టించుకుందండి. బానే ఉంది."

"వద్దంటే వినవేంటమ్మా! ఒకడు అట్టాగే పెట్టాడు. పోటీ మధ్యలో ఊడి ఒక పిల్ల పడిపోయింది. ఆ పిల్ల తొక్కుడికి తిరుగులేదు. వాడి మొండితనం వల్ల పోయింది."

అంటే ఆయనకి తెలుసు. ఎన్నేళ్ళ నుంచో తెలుసు. నాతో అనలేని మాట ముక్కూ మొహం తెలియని పిల్లతో అనేశాడు.

"అయ్యో! మరి ఆ అమ్మాయి ఏమైందండి?"

నాన్న పానా వెతుక్కుంటున్నట్టు పెట్టెలోకి వంగాడు. "ఏమోనమ్మా, నాకు తెలీదు."

నేను ఆయనకి రెండు బారల దూరంలో ఉన్నాను.

"రేపల్లెలో లెక్కలు చెప్పుకుంటోందమ్మా" అన్నాను. "వాళ్ళ నాన్న ఈ మాట ఆ పిల్లతో ఇంకా అనలేదు."

ఆ అమ్మాయి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. నాన్న తలెత్తలేదు. "రేపు రామ్మా, క్రాంకు తెప్పించి ఉంచుతా" అని ఆ అమ్మాయికి చెప్పాడు.