బెంచీ ఎక్కించిన పందికొక్కు

నా చిన్నప్పుడు, ఉన్నమాట అన్నందుకు నన్ను బెంచీ ఎక్కించారు. తప్పు నాది కాదు. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటున్నాను.

ఘంటసాల పక్క పల్లెటూరు మాది. ఇంగ్లీషు మాస్టారు పుస్తకంలో ఒక బొమ్మ చూపించి, ఇది ఆస్ట్రేలియా జంతువు, పేరు బాండికూట్, అచ్చమైన ఇంగ్లీషు మాట అన్నారు. అది చెవిన పడగానే నాకు ఒళ్లు ఝల్లుమంది. ఉండబట్టలేక లేచి, "అది మన పందికొక్కేనండీ!" అని అరిచాను. క్లాసంతా గొల్లుమంది.

"దొరలు మాటలు ఏరుకోవడానికి మీ చేలగట్టుకొచ్చారట్రా? ఎక్కు బెంచీ!" అన్నారు మాస్టారు. బడి వదిలేదాకా దిగమనలేదు.

ఇంటికెళ్లి మా తాతయ్య దగ్గర గోల పెట్టాను. ఆయనకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఓదార్చనూ లేదు. గునపం భుజాన వేసుకుని నన్ను చేలోకి తీసుకెళ్లారు. కోతలైపోయిన రోజులు. గట్టు కింద పందికొక్కు బొరియ చూపించి, లోపలున్న గింజలు ఎవరివిరా అన్నారు. మన చేనే కదా, మనవే అన్నాను. కాదన్నారు. మా వైపు కట్టుబాటు అది: చేను ఎవరిదైనా సరే, బొరియలో దాగిన వరి వెన్నులు తవ్వుకున్నవాళ్లవే.

"నాది నాదని గట్టు మీద నిలబడి అరిస్తే గింజ బయటికొస్తదంట్రా? తవ్వు."

మోచేతుల దాకా మట్టి పూసుకుని తవ్వాను. ఇక లేవనుకున్నప్పుడు గుత్తులు గుత్తులుగా బయటపడ్డాయి. అబ్బ, ఆ సంబరం!

చదువు ఏడో క్లాసుతోనే ఆగింది. ఇంగ్లీషు మాత్రం పొట్లాల కాగితాల మీదా, పాత పత్రికల మీదా నాకు నేనే నేర్చుకున్నాను. ఊళ్లోకి కేబుల్ టీవీ వచ్చిన కొత్తల్లో, పనిమీద బందరు వెళ్లినప్పుడు అక్కడి లైబ్రరీలో దిండంత నిఘంటువు తెరిచాను. ఉంది! మన పందికొక్కునే దొరలు బాండికూట్ అన్నారట. తరవాత ఆస్ట్రేలియాలో దాన్ని పోలిన మరో జంతువు కనిపిస్తే, ఆ పేరే తగిలించారట. ఆ మాట పుట్టుక దగ్గర 'తెలుగు' అని అచ్చయి ఉంది. కేక వేశాను. లైబ్రరీ అంతా తలలెత్తి చూసింది, చూడనీ! జంతువు వేరే, అక్కడికి మాస్టారు ఒప్పే. మాట మాత్రం మా గట్టుదే!

ఆ పేజీ జిరాక్స్ తీయించి, అటునుంచటే గుడివాడ బస్సెక్కాను. మాస్టారు అక్కడ కూతురింట్లో ఉంటున్నారు. బాగా ముసలాయనైపోయారు. పేరు చెబితే నన్ను పోల్చలేదు, పందికొక్కు అనగానే పోల్చారు. కాగితం కళ్లకి ఆనించుకుని చదివారు. మళ్లీ మొదటికొచ్చి చదివారు.

ఇప్పటికీ నా మాట ఎవరైనా కాదంటే నాకు మండుకొస్తుంది. అరుస్తాను కూడా. కానీ ముందు తవ్వి, ఆ తరవాతే అరుస్తాను. అది మా తాతయ్య గునపం పెట్టిన భిక్ష.

మాస్టారు ఏమన్నారో చెప్పలేదు కదూ? కాగితం మడిచి, నా చెయ్యి పట్టుకుని అన్నారు: "ఎన్నాళ్లు నిలబడ్డావురా నాయనా! ఇక దిగు, బెంచీ దిగు."