మూసినావా, మూయలేదా?

మా అయివారు పోయినారు. మొన్న సోమవారం డ్యూటీకి పోతాంటే గేటు కాడ వాచ్‌మన్ నా సైకిలు పట్టుకోని, "ఏమప్పా, నీకు తెలీదా? తెల్లారగట్ల అయివారు పోయినాడంట" అన్నాడు. పది దినాలుగా ఆయాసంతో ఆస్పత్రిలో ఉన్న మనిషే. రేపో మాపో అని అందరికీ తెలిసిందే. అయినా షిఫ్టు సైరన్ మోగినా ఆడనే నిలబడిపోయినా.

అయివారు అంటే మీరు బడి పంతులనుకునేరు. కాదు. గుంతకల్లు దావలో ఉన్న మా శెనక్కాయల నూనె ఫ్యాక్టరీలో ఆయన బాయిలర్ ఇంజనీరు. షిఫ్టు దిగినాంక బాయిలర్ షెడ్డు ఇనుప తలుపు మీద సుద్దముక్కతో రాసి ఫిట్టర్లకూ, నా మాదిరి డిప్లొమా వాళ్లకూ ఇంగ్లీషు నేర్పుతాండె. అందుకే ఆ పేరు నిలబడిపోయింది.

ఆయన దగ్గర వట్టి 'యెస్' అంటే పని జరగదు. "ఏం యెస్? మూసినావా, మూయలేదా? నిండుగా చెప్పు" అని గద్దించేటోడు. 'వాల్వ్ ఈజ్ ఓపెన్' అనో, 'వాల్వ్ ఈజ్ క్లోజ్డ్' అనో మొత్తం అనేదాకా వదిలేటోడు కాదు. ఆ పిచ్చి తెలుగులో కూడా పోలే. టీ కొట్టాయప్ప "చక్కెర వద్దా సార్?" అంటే 'ఊ' అనడు. "చక్కెర వెయ్యొద్దు" అంటాడు. మేము ఎనక నిలబడి నవ్వుకుంటాంటిమి. "నవ్వండి, నవ్వండి. ఇంగ్లీషు గొప్ప కోసరం కాదప్పా, ఒళ్లు కాలకుండా ఉండేదానికి" అనేటోడు. ఆ మాటతో మా నవ్వు ఆగిపోయేది, ఎందుకంటే సంగతి మాకు తెలుసు.

సంగతి ఇది. డెబ్భైల్లో, నేను చేరకముందు, మిషన్లు అమ్మిన కంపెనీ నుంచి బొంబాయి ఇంజనీరు ఒకాయన వచ్చినాడు. తెలుగు ముక్క రాదు. మా అయివారు సారుదేమో గోరంట్ల పక్క పల్లె, తెలుగు మీడియం చదువు. ఇంజనీరింగు ఫస్టుక్లాసులో పాసైనాడు, పుస్తకాలు నమిలి మింగినాడు, నోరు తెరిచి ఇంగ్లీషు మాట్లాడమంటే మాత్రం చెమట్లు. ఆ దినం గోడకు అవతల స్టీము పైపు జాయింటు విప్పాల. సారు ఇవతల బాయిలర్ కాడ ఉండాడు. బొంబాయాయన కిటికీలోనుంచి అరిచినాడు, "యూ హావ్ నాట్ క్లోజ్డ్ ది వాల్వ్?"

సారు "యెస్ సార్" అన్నాడు.

మన నోట్లో అది సరిగ్గానే వస్తుంది. "వాల్వు మూయలేదా?" అంటే మనం "ఊ, మూయలేదు" అంటాం. సారు మనసులో అదే ఉండె: ఊ, ఇంకా మూయలేదు, ఇప్పుడు మూస్తా, ఆగండి. బొంబాయాయన చెవికి పడింది వేరే: మూసినా అని. ఫిట్టరుకు సైగ చేసినాడు. సారు వాల్వు చక్రం మీద చెయ్యి వేసేలోపల అవతల ఫిట్టరు బోల్టులు విప్పినాడు.

ఆ ఫిట్టరుది బుక్కరాయసముద్రం. మూడు దినాలు బతికినాడు. అంతకు మించి రాయలేను.

ఆ ఫిట్టరు భార్య దగ్గరికి సారే పోయి ఆ దినం జరిగిందంతా చెప్పుకున్నాడంట. ఆయక్క ఏడ్చి, తిట్టి, కడాకు "కావాలని చేసినావా సామీ, నోరు తప్పింది" అన్నదంట. సారు పెండ్లి చేసుకోలే. అప్పటినుంచి ఆదివారం ఆదివారం ఆయక్క ఇంట్లోనే సంగటి. తమ్ముని మాదిరి చూసుకున్నది.

ఎనభైల్లో మా పక్క వరసగా వానలు ఎగ్గొట్టినాయి. శెనక్కాయ లేదు, ఫ్యాక్టరీకి పని లేదు, నెలల తరబడి బాయిలర్ చల్లగా పడి ఉండేది. ఆయన మాత్రం సాయంత్రమైతే సుద్దముక్క పట్టుకోని రావాల్సిందే. మాలో కొంతమంది బెంగుళూరు కార్ఖానాల్లో కుదురుకున్నారంటే ఆ ఇనుప తలుపు పుణ్యమే. మనకు పని రాక కాదు. వచ్చిన పనిని నోటితో చెప్పుకోలేక ఎంతమంది ఇంజనీర్లు మూలన పడి ఉండారో నేను చూసినా.

పోయినేడు ఒక ఆదివారం సారు నన్ను కూడా ఆయక్క ఇంటికి పిలుచుకోని పోయినాడు. గోడకు ప్రేము కట్టిన కాయితం ఒకటి తగిలించి ఉండాది, ఫ్యాక్టరీ సీలుతో. దానికి కుంకుమ బొట్టు. ఆయక్క సంగటి వడ్డిస్తా, "చదువుకున్నోనివి కదప్పా, ఏం రాసినారో చదువు. సారును అడిగితే మా ఆయన మంచి పనోడని రాసినారు అంటాడు" అనింది.

చదివినా. విచారణ రిపోర్టు అది. ఫిట్టరు సొంత నిర్లక్ష్యం వల్లనే ప్రమాదం జరిగిందని ఇంగ్లీషులో టైపు కొట్టినారు. కింద సాక్షి సంతకం మా సారుది.

ఆయన దిక్కు చూసినా. తలకాయ ఎత్తలే. నేనేం చేసినా? "ఔనక్కా, మంచిగా రాసినారు" అన్నా. నా మీద నాకే ఉమ్మెయ్యాలనిపించింది.

తిరిగి వస్తాంటే దావలో సారు చెప్పినాడు. "అర్థం కాక పెట్టిన సంతకం కాదప్పా. అర్థమైంది. ముగ్గురు ఆఫీసర్లు, అంతా ఇంగ్లీషే. ఎదురు చెప్పేదానికి నోరు రాలే."

నాకు కోపం ఆగలే. "తెలుగులోనైనా కాదు అనొచ్చు కదా సార్?"

"అనొచ్చు. అదీ అనలే" అన్నాడు. మళ్లా ఆయనే చెప్పినాడు: ఇంగ్లీషు బాగా వచ్చినాంక, తప్పు నాది, ఫిట్టరుది కాదు అని మేనేజ్‌మెంటుకు మూడు పేజీల లెటరు రాసినాడంట. తప్పు దొర్లని ఇంగ్లీషు. ఆ ఫైలు ఎప్పుడో మూసేసినాం అని జవాబు వచ్చిందంట.

"మరి ఆ సంతకం సంగతి అక్కకు?"

"ఆయమ్మ పెట్టే ముద్ద పోతుందని బయమప్పా" అన్నాడు.

ఆస్పత్రిలో కడాగా చూసినప్పుడు నా మణికట్టు పట్టుకున్నాడు. "నేను పోయినాంక ఆ కాయితం చదివి చెప్పు. అరకొరగా చెప్పొద్దు" అన్నాడు. మీరే చెప్పండి సార్ అన్నా. కండ్లు మూసుకున్నాడు. ఇంతమందికి నోరిచ్చిన మనిషి ఆ ఒక్క మాట నా నెత్తిన పెట్టి పోయినాడు. ఆయన మీద ప్రేమా ఉండాది, కోపమూ ఉండాది. రెండూ నిజమే.

దహనమైన మరుసటి దినం బుక్కరాయసముద్రం పోయినా. ఆయక్క చాటలో రాగులు చెరుగుతాండాది. ఏడ్చి ఏడ్చి కండ్లు వాచినాయి. "సొంత తమ్ముడు పోయినట్టుండాదప్పా" అనింది. ఎట్లా మొదలుపెట్టేది? ఉన్నది ఉన్నట్టు, లైను లైనూ తెలుగులో చెప్పినా. చాట ఆగింది.

"సంతకం ఎవురిది?"

"ఆయనదే అక్కా."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"పోయినేడు చదివినప్పుడే."

ఒక్క మాట తిట్టలే. తిట్టింటే బాగుండు. లేచి ప్రేము దించి ఒళ్లో పెట్టుకునింది. "దీంట్లో నా మొగుని పేరు యాడుండాది, సూపించు" అనింది. అద్దం మీద వేలు పెట్టి చూపించినా.

"ఆయన పేరుండే కాయితం మా ఇంట్లో ఇదొకటే" అనింది. మళ్లా అనింది, "మీ సారు మూడో దినం కర్మకు నేను రానని మీవాళ్లకు చెప్పు."

ఆ మాటనేసి, మిగతా రాతలన్నిటి మీదా అరచెయ్యి పరిచింది. ఆ పేరొక్కటే బయటికి కనపడతాండాది. నేను లేచి చెప్పులు తొడుక్కోని బయటికి వచ్చేదాకా ఆయక్క చెయ్యి తీయలేదు.