గౌహతికి పోయిన గుడ్లు

మా పక్కింటి తిమ్మక్కకు దూరం కిలోమీటర్లలో చెబితే తలకెక్కదు. గుడుపల్లెలో ఇరవై రెండేళ్లుగా పట్టుపురుగులు పెంచుతున్న మనిషి. దారిలో గుడ్డు ఎంతసేపు తట్టుకుంటుందో అదే ఆమె కొలత. బెంగళూరు నుంచి గౌహతికి విమానంలో రెండువేల కిలోమీటర్లకు పైనేనని నేను ఫోనులో చూసి చెబితే విసుక్కుంది.

"అదంతా నాకు యాలప్పా? గంటలు సెప్పు."

"మూడుంబావు."

"అంతేనా! మదనపల్లికి పోయొచ్చేదానికి అంతకన్నా జాస్తి పడతాది."

దూరం సంగతీ వినమ్మా అంటే వినలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

గౌహతి పక్క పల్లెలో ఒక మహిళా సంఘం ఉంది. అందులో ఉద్యోగం చేసే మేనకోడలు కీర్తి అత్తను పిలిపించింది. అక్కడి ఇరవై మంది ఆడవాళ్లకు గుడ్లు తెచ్చివ్వాలి, పిల్లపురుగులను ఎలా పెంచాలో చూపించాలి.

పగలడానికి రెండు రోజుల ముందు, కాగితానికి అంటుకుని ఉండే ఈ గుడ్లను నల్లగుడ్డలో చుడతారు. అన్నీ చీకట్లో ఆగి, మూడోనాటి పొద్దున వెలుగు తగలగానే కలిసి బయటికొస్తాయి. విప్పడం ఆలస్యమై కొన్ని ముందూ కొన్ని వెనకా వస్తే పురుగు ఎగుడుదిగుడుగా పెరిగి పంట పాడవుతుంది. తిమ్మక్క చేతిలో ఎన్నడూ అలా జరగలేదు. జరిగినవాళ్లను ఆమె నాలుగు మాటలనకుండా వదిలిందీ లేదు.

విమానంలో మూటను ఒళ్లోంచి దించలేదట. సాయంత్రానికి ఊరు చేరి, "రేపు తెల్లారంగానే విప్పుతా, ఆకు కోసుకోని రాండి" అని కీర్తితో చెప్పించింది. ఎప్పటిలాగే ఐదున్నరకు అలారం పెట్టుకుని పడుకుంది. జ్యేష్ఠమాసంలో మన దగ్గర ఐదున్నరంటే ఇంకా మసకే.

లేచి తలుపు తీస్తే ఎండ ముఖాన కొట్టింది. వాకిట్లో ఇరవై మందీ ఆకు బుట్టలతో కూర్చుని ఉన్నారు. వచ్చి గంట దాటిందట. అంత తూర్పున సూర్యుడు నాలుగున్నరకే లేస్తాడని ఆమెకెవరు చెప్పారు? నేనూ చెప్పలేదు. గంటలడిగితే గంటలే చెప్పి ఊరుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"పొద్దెక్కిపోయిందే కీర్తీ! నా గుడ్లు సెడిపోయినాయి" అంటూ తిమ్మక్క ఏడ్చేసింది. పదిమందిలో ఏడ్చే మనిషి కాదు.

వాళ్లలో ఒక పెద్దావిడ లేచి, భాష రాకపోయినా, ఆమె చెయ్యి పట్టుకుని మూట దగ్గరికి నడిపించింది. తిమ్మక్క ముడి విప్పింది. ఒక్క గుడ్డూ పగల్లేదు. కీర్తి కిటికీ తెరిచింది. కాసేపటికి ఒకటి కదిలింది, దాని పక్కన పది, ఆ తర్వాత కాగితమంతా నల్లగా పాకింది.

ఆ పొద్దునే నాకు ఫోను చేసింది.

"ఈడ సూర్యుడు ఎప్పుడన్నా లేసుకోనీప్పా. వాటికి నేను గుడ్డ తీసినప్పుడే తెల్లారింది."