కబురు రాని నెత్తురు

మొన్న సాయంత్రం నా మనవరాలు భద్రాచలం బస్సు దిగి వచ్చి, ఫ్యాను వేసి, దాని గాలి తగలని గడప మీద పోయి కూలబడింది. ముందు ఫ్యాను ఆపి, ఆ తర్వాత ఏమైందని అడిగాను. పిల్ల ఉద్యోగం ఏమిటంటే, ఊరూరా తిరిగి ప్రైవేటు డాక్టర్లను కలిసి, మీ దగ్గరకు జ్వరంతో వచ్చేవాళ్ల వివరాలు, తలా ఒక చుక్క నెత్తురు మా పరిశోధనకు ఇప్పించండని ఒప్పించడం. ఒకాయన టీ ఇచ్చి పంపాడట, ఇంకొకాయన అదీ ఇవ్వలేదట. నెలాఖరులోగా ఒక్క డాక్టరైనా ఒప్పుకోకపోతే దాని ఉద్యోగం పోతుంది. మిగిలింది దుమ్ముగూడెం డాక్టరమ్మ ఒక్కతే.

"అమ్మమ్మా, ఆమె నీ చేతుల మీద పెరిగిందంటవు కదా. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పరాదు?"

ఆ డాక్టరమ్మ తండ్రి, దుమ్ముగూడెంలోనే డాక్టరుగా ఉన్న సారు దగ్గరే, మూడో తరగతితో చదువు మానేసిన నేను, సూదులు ఉడకబెట్టే పనికి కుదిరాను. డిస్పోజబుల్ సూదులు లేని కాలం అది, నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు. సూదులు ఉడకడం అవగానే స్టవ్వు ఆర్పేసి, ఆ వేడి నీళ్లలోనే కట్టు గుడ్డలు నానేసేదాన్ని. "నీ చేతిల పడితే కిరసనాయిలు కూడా భయపడ్తది" అని సారు నవ్వేవాడు.

సారుకు ఒక పద్ధతి ఉండేది. మందు తీసుకుపోయిన మనిషి బాగైతే బాగైందని, కాకపోతే కాలేదని, వచ్చే సంతకు వచ్చి చెప్పిపోవాలి. అడవి పల్లెల వాళ్లు చింతపండో, ఇప్పపువ్వో అమ్ముకుని, సారు ఆసుపత్రి వరండా ముందు ఆగి, "జరం పోయింది సారూ" అని ఒక్క మాట అనేసి, కూర్చోకుండానే వెళ్లిపోయేవాళ్లు. రానివాళ్ల కోసం సారు ఆ పల్లె వాళ్లతో కబురు పంపేవాడు.

ఒక ఏడు గోదారి పొంగి తీసిన తర్వాత జ్వరాలు ఎక్కువయ్యాయి. పట్నం నుంచి జీపులో కొందరు పెద్ద చదువుల వాళ్లు వచ్చి, మీ రోగుల నెత్తురు పరీక్షిస్తే రేపు పదిమందికి పనికొస్తుందని సారును పూటంతా బతిమాలారు. తేలిన సంగతి మళ్లీ వచ్చి వీళ్లకు చెప్పాలని సారు అడిగాడు, వాళ్లు తలూపారు. సూది చూసి జనం వెనక్కి జరిగితే, సారు ముందు తన వేలు పొడిపించుకుని, తర్వాత నా వేలు పట్టుకున్నాడు. అది చూసి ఒక ముసలవ్వ ముందుకొచ్చింది, ఆమె వెనకాల అందరూ వచ్చారు. జీపు వెళ్లిపోయింది.

మరుసటి సంతకు ఆ అవ్వే అడిగింది: "ఏంది సారూ, మా నెత్తురు పట్నంల సినిమాలు చూస్తున్నదా, మాటే లేదు?"

వరండా అంతా నవ్వింది, సారు కూడా నవ్వాడు. ఆపై సంతకు నవ్వు తగ్గింది. సారు ఉత్తరాలు రాశాడు, చివరికి పట్నం కూడా పోయి వచ్చాడు. జీపులో వచ్చినాయన వేరే చోటికి మారిపోయాడట, ఆ సంగతి మిగతావాళ్లెవరికీ తెలియదట. మన జనం జగడమాడలేదు, వరండా ముందు ఆగడం మానుకున్నారంతే. సంతలో డాక్టరు చదువు లేకుండానే సూదులు వేసేవాడి దగ్గరకు పోసాగారు. ఆ అవ్వకు మళ్లీ జ్వరం వచ్చినా మా దగ్గరకు రాలేదు. ఆమె పోయిందన్న కబురే సారుకు చేరింది. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. ఆ తర్వాత ఏ జీపు వచ్చినా వరండా మెట్టు ఎక్కనివ్వలేదు.

ఇదంతా మనసులో పెట్టుకునే పిల్లతో దుమ్ముగూడెం పోయాను. ఆడవాళ్లకు బస్సు కిరాయి లేదు కాబట్టి ఆ బాధ లేదు. డాక్టరమ్మ పిల్ల చెప్పిందంతా ఓపికగా విని, దాన్ని ఏమీ అడగకుండా నా వైపు తిరిగింది.

"పెద్దమ్మా, వీళ్లు మళ్లొచ్చి చెప్తరా? నువ్వు అవ్ అను, నేను ఒప్పుకుంట."

నేను పిల్లను చూశాను. "ఏందే, వస్తవా?"

వస్తానంటే అయిపోయేది. అది తల దించుకుంది. "ప్రాజెక్టు అయినంక నన్నే ఉంచుతరో లేదో తెల్వదు అమ్మమ్మా. నేను లేకుంటే ఎవరొస్తరు?"

"అయితే వద్దు బిడ్డా" అన్నాను డాక్టరమ్మతో. నా నోటితోనే అన్నాను.

ఇంటికొచ్చి పిల్ల ఫ్యాను వేసి మళ్లీ గడప మీదే కూర్చుంది, ఈసారి నేను ఫ్యాను ఆపలేదు. అబద్ధం ఆడలేదని దాన్ని మెచ్చుకోవాలో, దాని బువ్వ నేనే పోగొట్టానని ఏడవాలో నాకు తోచడం లేదు. ఆ వరండా ముందు ఇప్పటికీ సంత సాగుతూనే ఉంది. పరీక్షల సంగతులు ఇప్పుడు సెల్‌ఫోనులోకే వస్తాయంటారు. బాగైందని చెప్పడానికి మాత్రం అక్కడ ఎవరూ ఆగడం లేదు, రమ్మని అడిగేవాళ్లూ లేరు. ఆ రోజు నా వేలి నుంచి తీసిన చుక్క ఏం చెప్పిందో ఇన్నేళ్లయినా నాకూ తెలియదు.