ప్రస్తుత నివాసం: దుబాయ్

ఆ శుక్రవారం పొద్దున దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లోని మా గదిలో ఉన్నవాళ్లు, ఉన్న వస్తువులు ఇవి. నేను. నా రూమ్మేటు, హైదరాబాద్ పాతబస్తీ మనిషి, ఒక కంపెనీలో డ్రైవరు. జుమ్మా నమాజుకు కుర్తా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. రెండు మంచాలు, ఒక ఫ్రిజ్, కిటికీలో గరగరమనే ఏసీ. నా మంచం మీద నీలం ఫైలు, అందులో జగిత్యాల ఇంటి కొనుగోలు ఒప్పందం జిరాక్సు. దాని పక్కన స్పీకరు పెట్టిన సెల్‌ఫోను. ఫోనుకు అవతల, జగిత్యాలలో, మా అక్క. అక్క పక్కన మా ఊరి వకీలు.

ఇల్లు అక్క చాలా ఏళ్లుగా అద్దెకుంటున్నదే. రోడ్డు వైపు ముందుగదికి షట్టరు ఉంది. ఆ గదిలో కుట్టుమిషన్లు వేసుకుని అక్క జాకెట్లు, స్కూలు యూనిఫారాలు కుడుతుంది, నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్లకు పని నేర్పుతుంది. ఇంటి యజమాని ఇల్లు అమ్మేస్తానన్నాడు. బయటివాళ్లు కొంటే మొదట ఖాళీ చేయించేది ఆ గదినే. బస్టాండుకు అంత దగ్గర్లో షట్టరు ఉన్న గది మళ్లీ దొరకదు. అందుకని నేను కొంటానన్నాను. సెలవుకు వెళ్లినప్పుడు బయానా ఇచ్చి ఒప్పందం రాసుకున్నాం. మిగతాదంతా బ్యాంకు లోను. గడువు మూడు నెలలు.

అవి చమురు, గ్యాసు డబ్బుతో దోహా రోజుకింత పైకి లేస్తున్న సంవత్సరాలు. వెస్ట్ బేలో ఒక టవరు పనిలో నేను క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. వచ్చిన సరుకు చూడడం, కొలవడం, పరీక్షకు పంపడం, బాగుంటే సంతకం, బాగాలేకపోతే వాపసు. జీతం మీద బ్యాంకులు లోన్లు సులభంగానే ఇస్తున్నాయని అందరూ అనేవారు. మన దేశపు బ్యాంకు ఒకటి అల్ సద్‌లో చిన్న ఆఫీసు పెట్టి, ఊళ్లో ఇళ్లు కొనుక్కునేవాళ్ల దరఖాస్తులు తీసుకునేది. నేను ఫైలు పట్టుకుని వెళ్లాను. అందులో అన్నీ వరసగా ఉన్నాయి. ఇల్లు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపించే లింకు డాక్యుమెంట్లు, దాని మీద అప్పులూ తాకట్లూ లేవని చెప్పే ఈసీ, మున్సిపాలిటీ పన్ను రశీదులు, మా ఊరి వకీలు అన్నీ చదివి రాసిచ్చిన రిపోర్టు.

అక్కడి ఆఫీసరు అన్నీ తీసుకుని, వకీలు రిపోర్టు ఒక్కటి తీసి నా చేతిలో పెట్టాడు. ఈయన మా ప్యానెల్‌లో లేడు అన్నాడు. బ్యాంకు ఆమోదించిన వకీళ్ల జాబితా ఉంటుందనీ, మా జిల్లాకు ఆ జాబితాలో ఉన్నాయన కరీంనగర్‌లో కూర్చుంటాడనీ, ఆయన సరే అంటేనే లోను కదులుతుందనీ వివరించాడు. మా వకీలును కూడా చేర్చుకోవచ్చు కదా అని అడిగాను. అది హెడ్డాఫీసు పని, ఏడాది పట్టవచ్చు అన్నాడు.

జాబితా అనే మాట మీద నాకు కోపం రాలేదు. మా సైటులోనూ అలాంటిది ఉంది. అందులో పేరు లేని కంపెనీ పైపు ఎంత మంచిదైనా లారీలోంచి దించనివ్వను. నాకు మింగుడుపడనిది ఆ తర్వాతిది. కరీంనగర్ వకీలుకు ఫోను చేసి, నా పేరు చెప్పి, మా ఇంటి కాగితాలు ఎప్పుడు చూస్తారని అడిగాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు.

"ఒక విషయం ముందే చెప్తున్న సార్. నేను మీ వకీల్ని కాదు, బ్యాంకు వకీల్ని. ఫీజు మీరిస్తరు, ఒపీనియన్ బ్యాంకుకిస్తా."

కాపీ నాకు ఇస్తారా అని అడిగాను. ఇవ్వకూడదన్నాడు. మా సైటులో పరీక్షకు డబ్బు కట్టినవాడికి రిపోర్టు ఇవ్వకపోతే గొడవలవుతాయి. ఇక్కడ డబ్బు నాది, ఇల్లు నేను కొనేది, అందులో ఏం లోపముందో నాకు చెప్పాల్సింది మాత్రం బ్యాంకు. మా ఊరి వకీలుకు ఇచ్చిన ఫీజు ఎలాగూ పోయింది. రెండోది కట్టాను.

మూడు వారాలకు అల్ సద్ ఆఫీసరు పిలిచి అభ్యంతరం ఒకటి ఉందని చెప్పాడు. లింకు డాక్యుమెంట్లలో ఏమీ లేదు. కొలతల్లో ఏమీ లేదు. అభ్యంతరం నా మీద. ఒప్పందంలో కొనుగోలుదారు ప్రస్తుత నివాసం దుబాయ్ అని ఉంది. దరఖాస్తు, జీతం కాగితం, వీసా, అన్నీ దోహా, ఖతర్ అంటున్నాయి. ఒప్పందం రాసుకున్న మనిషీ లోను అడుగుతున్న మనిషీ ఒకరేనా అని ప్యానెల్ వకీలు ప్రశ్న.

ఆ మాట ఒప్పందంలోకి ఎలా వచ్చిందో నాకు బాగా తెలుసు. సెలవులో మా వకీలు ఆఫీసులో కూర్చుని టైపు చేసిన కాగితం చదివి, ఖతర్ అని మార్చమని నేనే అన్నాను. ఆయన నవ్వాడు. ఖతర్ అంటే ఇక్కడ ఎవరికెరుక, దుబాయ్ అంటే సబ్ రిజిస్ట్రార్‌కు కూడా సమజైతది, అసలు రిజిస్ట్రేషన్ నాడు సరిగ్గా రాసుకుందాం అన్నాడు. బయట యజమాని మోటారుసైకిలు మీద తొందరపెడుతున్నాడు. సాయంత్రం నా రైలు. సంతకం పెట్టాను.

శుక్రవారం ఫోను దీని గురించే. ఒప్పందం గడువు సగం దాటింది. అభ్యంతరం ఏమిటో చెప్పాను. మా ఊరి వకీలు ఒప్పుకోలేదు.

"ముప్పై ఏండ్ల సంది రాస్తున్న తమ్మీ. మస్కట్ పోయినోడు దుబాయ్, సౌదీ పోయినోడు దుబాయ్. ఒక్కడన్న అడిగిండా? ఆ కరీంనగర్ ఆయన ఫీజు తీస్కున్నడు గద, ఏదన్న దొరకబట్టాలె. గందుకే దొరకబట్టిండు."

ఖతర్ వేరే దేశమని నేను అక్కకు చెప్పబోయాను.

"దుబాయ్ గాకపోతె ఏడున్నవ్‌ రా నువ్వు?" అంది అక్క. "వాడకట్టంత నా తమ్ముడు దుబాయ్‌ల ఉన్నడనే చెప్పుకుంటున్న. గిప్పుడు లేడని చెప్పమంటవా?"

ఇస్త్రీ ఆపి రూమ్మేటు ఇటు తిరిగాడు. "అరే ఇంజనీర్ సాబ్, దుబాయ్ ఎప్పుడు పోయొచ్చినవ్? చాక్లెట్లు కూడ తేలే."

నేను నవ్వలేదు. కరీంనగర్ వకీలు చెప్పినదాంట్లో తప్పు ఒక్కటీ లేదు, నాకు ఎక్కువ చిరాకు తెప్పించింది అదే. దుబాయ్ ఒక నగరం, దోహా వేరే నగరం, రెండూ వేరువేరు దేశాల్లో ఉన్నాయి. మా వకీలు చెప్పిందీ అబద్ధం కాదు. మా జిల్లాలో దుబాయ్ అంటే విమానమెక్కి పనికి పోయే చోటు, అంతే. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కానప్పుడు ఎవరి మీద అరవాలో తెలియదు.

బ్యాంకు అడిగింది అఫిడవిట్. ఒప్పందంలో దుబాయ్ నివాసిగా పేర్కొన్న వ్యక్తీ, దోహా నివాసినైన నేనూ ఒకే వ్యక్తి అని రాసి, ఎంబసీలో సంతకం చేసి ముద్ర వేయించి పంపాలి. రూమ్మేటు తన డ్యూటీ మార్చుకుని కంపెనీ కారులో తీసుకెళ్లాడు. కిటికీ దగ్గర గుమస్తా రెండుసార్లు చదివి, మీరు దుబాయ్‌లో ఎప్పుడైనా ఉన్నారా అని హిందీలో అడిగాడు. లేదన్నాను. ఇంకోసారి చదివి ముద్ర వేశాడు. వాపసు వస్తూ, ఎర్ర సిగ్నల్ దగ్గర రూమ్మేటు ఆ కాగితం తీసుకుని చూశాడు.

"నువ్వు ఒక్కడివే అని సర్కారు ముద్ర పడ్డది భాయ్. ఇగ ఫికర్ లేదు."

ఫికర్ ఉంది. కొరియరు కరీంనగర్ చేరేసరికి కోర్టుకు ఎండాకాలం సెలవులు, ప్యానెల్ వకీలు ఊళ్లో లేడు. జిల్లాకు ఉన్నది ఆయనొక్కడే. ఇంకొకరికి పంపండని అల్ సద్ ఆఫీసులో ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు: ప్యానెల్. ఆయన తిరిగొచ్చి అఫిడవిట్ బాగుందన్నాడు. కానీ ఒప్పందం ఇద్దరి మధ్యది కాబట్టి, దుబాయ్‌ని దోహాగా సవరిస్తూ యజమాని కూడా ఒక కాగితం మీద సంతకం పెట్టాలన్నాడు. ఈ మాట మొదటే ఎందుకు చెప్పలేదని అడిగాను. మొదట అఫిడవిట్ చూడకుండా ఎలా చెప్తానన్నాడు.

అక్క యజమాని ఇంటికి వెళ్లింది. ఆయన చెడ్డవాడు కాదు, కానీ ఆయన అవసరాలు ఆయనవి, గడువు అప్పటికే దాటింది. "ఆయన దుబాయ్‌ల ఉంటె నాకేంది, దోహాల ఉంటె నాకేంది. పైసలేడున్నయ్?" అన్నాడట. పక్క సందులో సెల్‌ఫోన్లు అమ్మే అతను షట్టరు గది ఒక్కటీ చాలు, పూర్తి డబ్బు రేపే ఇస్తానన్నాడట. యజమాని ముందుగది అతనికి ఇచ్చేశాడు. వెనక ఉన్న రెండు గదులు, వంటిల్లు, దొడ్డి తగ్గించిన ధరకు మాకే ఇస్తానన్నాడు. అక్క ఒక పూటంతా ఫోను ఎత్తలేదు. ఎత్తాక, సరే అను, ఉన్న నీడన్న మిగులుతది అంది.

కొత్త ఒప్పందం ప్యానెల్ వకీలు పంపిన నమూనా ప్రకారం రాశారు. దోహా, ఖతర్ అని ఉంది. మళ్లీ ఫీజు కట్టాను. ఆయన ఒపీనియన్ పది రోజుల్లో వచ్చింది, అభ్యంతరాలు లేవు. లోను మంజూరైంది. ఎంబసీలో ముద్ర వేయించి పంపిన పవరాఫ్ అటార్నీతో అక్కే రిజిస్ట్రేషన్ చేయించింది. ఆ రోజు సాయంత్రం ఎదురింటామె అక్కతో, మీ తమ్ముడు దుబాయ్ పైసలతో ఇల్లు కొన్నడు గద అందట. అక్క అవునంది.

తర్వాతి సెలవుకు వెళ్లినప్పుడు ముందుగదికీ వెనక గదులకీ మధ్య గోడ కొత్తగా లేచి ఉంది. అవతల ఫోన్ల దుకాణంలో పాటలు పెట్టారు. అక్క మిషన్లు వెనక గదిలో ఒకదానికొకటి ఆనించి ఉన్నాయి, వాటి మీద దుప్పటి కప్పి ఉంది. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు సందులోంచి లోపలికి రావాలి, దారి తెలియక కొందరు మానేశారు. టేపు తీసి గది కొలిచాను. మిషను, స్టూలు, కుట్టే మనిషి మోచేయి కదలడానికి చోటు, అన్నీ కలిపి నేల మీద సుద్దతో గీశాను. గోడవారగా గీశాను, తుడిచి కిటికీ వైపు తిప్పి గీశాను. అక్క గడప మీద కూర్చుని చూస్తూ, ఎన్ని అని అడిగింది.

ముందుగదిలో ఐదు మిషన్లు ఉండేవి. వెనక గదిలో మూడు పడతాయి.